ఎవరూ తొక్కని గడ్డి

దెయ్యాలను నమ్మనని మొదటి వాక్యంలోనే చెప్పేస్తే, కాసేపటికి దెయ్యం వస్తుందని చదివేవాళ్ళు సర్దుకుని కూర్చుంటారు. ఇందులో దెయ్యం రాదు. తెల్లచీర రాదు, గజ్జెల చప్పుడూ రాదు. అలాంటివి నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. మా ఊళ్ళో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు రాత్రి ఏం తిన్నారో కనుక్కోమనేవారు మా నాన్నగారు. నేను ఆయన కూతుర్ని.

పైగా నేను చదివింది జాగ్రఫీ. పీజీలో మానవ భూగోళ శాస్త్రం తీసుకున్నాను. అదేమిటో మా చుట్టాలకు చివరిదాకా అర్థం కాలేదు. రాయవరంలో మా మావయ్య నేను కనిపించినప్పుడల్లా నదుల పేర్లు అడిగేవాడు. మనుషులు ఎక్కడ ఇళ్ళు కట్టుకుంటారు, ఏ దారిన నడుస్తారు, ఎందుకు ఊళ్ళు వదిలిపోతారు, మా చదువంతా ఇదేనని చెబితే, "దానికి విశాఖపట్నం దాకా ఎందుకే, మన అరుగు మీద కూర్చుంటే తెలుస్తుందిగా" అనేవాడు. 

తొంభై ఎనిమిది చివర్లో ఆఖరి సంవత్సరం డిసర్టేషన్ కోసం ఊరు వెతుక్కోవలసి వచ్చింది. నది కోసేసిన లంక గ్రామం మీద చేస్తానన్నాను. ఊరు పోయినా ఊరి పటం జనం మనసులో ఎంతవరకు మిగులుతుందన్నది నా అంశం. మా గైడు గారు విని, "బాగానే ఉంది, పటం మాత్రం స్కేలుతో ఉండాలి, కథలు రాసుకు రాకు" అన్నారు. ఆయనకు కథలంటే భయం.

రాజోలు దగ్గర, వశిష్ఠ గోదావరి పాయలో ఒక లంక ఉండేది. పేరు మార్చి చినతిప్పలంక అంటాను. ఏటా వరదకు కొంచెం కొంచెం కోసుకుపోతూ, తొంభైల మొదట్లో వచ్చిన ఒక పెద్ద వరదకు చర్చి, చర్చి వీధి, వెనకనున్న సమాధుల తోట మొత్తం నదిలోకి జారిపోయాయి. జనం ముందే ఇవతలి ఒడ్డుకు వచ్చేశారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. ప్రభుత్వం వాళ్ళకు ఏటిగట్టు కింద స్థలాలిచ్చింది. అదే కాలనీ. దాదాపు అన్నీ క్రైస్తవ కుటుంబాలు. తాతల కాలంలో కూలికి వెళ్ళినవాళ్ళు. నేను వెళ్ళేసరికి ఇంటికో టీచరో, నర్సో, లేదంటే కువైట్‌లో పనిచేసే మనిషో ఉన్నారు.

నేను రాజోలులో మా పిన్ని ఇంట్లో ఉండి, పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి సాయంత్రానికి వచ్చేసేదాన్ని. ఎంఏ చదివి ఏటిగట్టు మీద తిరగడమేమిటని పిన్ని రోజూ ఒకసారి అనేది. అన్నాక క్యారేజీ కట్టి ఇచ్చేది.

కాలనీలో నాకు మొదట దగ్గరైన మనిషి మార్తమ్మ గారు. సంఘంలో పెద్దామె, గొంతు కూడా పెద్దదే. ఆవిడ చెప్పగానే ఆడవాళ్ళంతా కొత్త చర్చి పాక ముందు చేరి, నేల మీద ముగ్గుతో పాత ఊరు గీయడానికి సిద్ధమయ్యారు. చదువు రానివాళ్ళ చేత పటాలు గీయించడానికి అప్పట్లో అందరం ముగ్గునే వాడేవాళ్ళం. పుస్తకంలో చదివినప్పుడు చాలా సులువుగా కనిపించిన పని అది.

ఆ ముగ్గు పటం సాయంత్రానికి కూడా పూర్తి కాలేదు. చర్చి వీధి వెడల్పు దగ్గర తగువు మొదలైంది. తగువు తేలేలోపు ఒక మేక వీధి మీదుగా నడిచి, సగం లంకను చెరిపేసింది. అందరూ నవ్వారు గానీ, సమాధుల తోట గీస్తున్నప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. అక్కడ ఒక్కొక్కరూ వంగి, తమ వాళ్ళ సమాధి ఉన్న చోట చిటికెడు ముగ్గు పెట్టి వెళ్ళారు. వెనక నిలబడ్డ ఒకావిడ మాత్రం ముగ్గు గుప్పిట్లో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

ఆవిడ పేరు సువార్తమ్మ. నలభై ఏళ్ళు ఉంటాయి. ఆవిడ సంగతి మార్తమ్మ గారే నాకు తర్వాత చెప్పారు.

సువార్తమ్మ కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. ఆవిడ అక్కడుండగా ఇక్కడ కూతురు ఎస్తేరు విషజ్వరంతో పోయింది. ఏడేళ్ళ పిల్ల. కబురు అందేసరికి అంత్యక్రియలైపోయాయి. కాంట్రాక్టు ముగియకుండా పంపేది లేదన్నారు యజమానులు. గడువు ముగిసి వచ్చేసరికి సమాధుల తోట నదిలో ఉంది. ఆ తల్లి కూతుర్నీ చూడలేదు, సమాధినీ చూడలేదు.

భర్త బతికి ఉండగా ఎక్కడ పెట్టారని అడిగితే, తాగినప్పుడు ఒక చోటు, తాగనప్పుడు ఇంకో చోటు చెప్పేవాడట. కొన్నాళ్ళకు అతనూ పోయాడు. అతని తమ్ముడు జ్ఞానరత్నం, అన్నతో కలిసి గొయ్యి తవ్విన మనిషి. ఊరు ఖాళీ అయ్యాక మస్కట్ వెళ్ళి తాపీ పని చేసుకుంటున్నాడు. ఫోన్‌లో అడిగితే "తాడిచెట్టు దగ్గర వదినా" అన్నాడట. సమాధుల తోటకు దక్షిణం పక్క పొడవునా తాడిచెట్లే. పాతిపెట్టిన రోజు కూడా వెళ్ళిన ఇద్దరు పెద్దవాళ్ళు రెండు వేర్వేరు చోట్లు చూపించారు. పేరు రాయని మట్టి దిబ్బ కావడంతో మిగతావాళ్ళెవరికీ అది ఏదో గుర్తులేదు, అప్పటి పాస్టరు గారు బదిలీ అయిపోయారు.

ఏ చోటైతే ఏమిటి, అంతా నీళ్ళే కదా అని నాకనిపించింది. మార్తమ్మ గారు వాళ్ళ ఈస్టరు గురించి చెప్పాక గానీ అర్థం కాలేదు.

ఈస్టరు తెల్లవారుజామున మిగతా ఊళ్ళలో అందరూ సమాధుల దగ్గరికి వెళ్ళి కొవ్వొత్తులు వెలిగిస్తారు. వీళ్ళకు సమాధులు లేవు కాబట్టి ఏటిగట్టు మీద వరసగా నిలబడతారు. ఇష్టమొచ్చినట్టు కాదు. లంకలో పాత చర్చి, ఈ గట్టు మీదున్న తూముకు సరిగ్గా ఎదురుగా ఉండేది. అక్కణ్ణుంచి లెక్క వేసుకుని, నీళ్ళలో తమ వాళ్ళ సమాధి ఎక్కడ ఉండేదో దానికి ఎదురుగా ఏ కుటుంబం చోట ఆ కుటుంబం నిలబడుతుంది. ఏటేటా అదే చోటు. సువార్తమ్మకు చోటు లేదు. కొవ్వొత్తి వెలిగించి పట్టుకుని గట్టు మీద ఈ చివర నుంచి ఆ చివరికి, ఆ చివర నుంచి ఈ చివరికి నడుస్తుందట.

ఒకరోజు ఆవిడే నా దగ్గరికి వచ్చింది. "అమ్మాయిగారండీ, మీరు ఊరి పటం ఏస్తన్నారంట. నేనెక్కడ నిలబడాలో అందులో తెలుస్తాదాండీ?" అని అడిగింది.

తెలుస్తుందని అనలేదు. తెలియదని కూడా అనలేకపోయాను. చూద్దామండి అన్నాను. డిసర్టేషన్ మీద నాకు నిజంగా పట్టుదల వచ్చింది ఆ రోజునే.

ముగ్గుతో కాదని తేలిపోయింది కాబట్టి కొత్త ఆలోచన చేశాను. కాలనీ వెనక పశువులు మేసే పెద్ద బీడు ఉంది. ఊరంతా పట్టదు గానీ, చర్చి, చర్చి వీధి, సమాధుల తోట అసలు కొలతల్లోనే పడతాయి. చర్చి గుమ్మం ఉండే చోట ఒక వెదురు గుంజ పాతించాను. దిక్కులు కంపాసుతో సరిచూశాను. ఇక గీయడాలు లేవు, ఇది మీ ఊరనుకుని నడవండి, మీ వెనకే నేను టేపు పట్టుకుని వస్తాను అన్నాను.

మొదట సిగ్గుపడ్డారు. తర్వాత మార్తమ్మ గారు గుంజ దగ్గర్నుంచి బయల్దేరి, ఖాళీ బీడులో చరచరా నడిచి, ఒకచోట ఎడమకు తిరిగి, ఇంకోచోట తల కాస్త వంచి లోపలికి వెళ్ళారు. "మా చూరు కిందకి ఉండేదండి" అన్నారు. ఆ తర్వాత ఎవరికీ సిగ్గు లేదు. పొద్దున్నే పనులు చేసుకుని వచ్చేవారు, లేని వీధుల్లో నడిచేవారు, లేని గోడల చుట్టూ తిరిగేవారు. ఒక ముసలాయన లేని అరుగు మీద కూర్చోబోయి కింద పడ్డాడు. నాకు కావలసిన వీధి వెడల్పు, ఇళ్ళ మధ్య దూరాలు అన్నీ తగువు లేకుండా వచ్చేశాయి.

సమాధుల తోట దగ్గర, తెలిసిన సమాధి ఉన్న చోటల్లా ఒక కొబ్బరి మట్ట పరిచారు. అన్నీ తూర్పు పడమరలుగానే. తలలు పడమరకు, కాళ్ళు తూర్పుకు. పునరుత్థాన దినాన లేచి కూర్చుంటే సూర్యోదయం ఎదురుగా ఉండాలని అలా పెడతారని చెప్పారు. సువార్తమ్మ కూడా ఒక చిన్న మట్ట తెచ్చుకుంది. అది చేత్తో పట్టుకునే తిరిగింది.

ఇప్పుడు అసలు సంగతి. మాఘమాసం రోజులు, పొద్దున పూట మంచు బాగా పడేది. కొన్నాళ్ళపాటు అంతమంది తిరిగేసరికి బీడులో గడ్డి అణిగిపోయి, దారులు మట్టి రంగుకు వచ్చాయి. ఒక ఉదయం కాస్త ముందు వెళ్ళి, మొత్తం ఒకసారి పైనుంచి చూద్దామని ఏటిగట్టు ఎక్కాను. అక్కణ్ణుంచి చర్చి వీధి, ఇళ్ళు, సమాధుల తోట చక్కగా కనిపించాయి. మా గైడు గారు చూస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

సమాధుల తోటలో మట్టలున్న చోట తప్ప అంతా నలిగిపోయి ఉంది. కానీ దక్షిణం పక్క, మట్ట లేని చోట ఒకటి పచ్చగా మిగిలింది. చిన్నది. ఏడెనిమిదేళ్ళ పిల్ల పడుకుంటే ఎంత ఉంటుందో అంత. అంచులు చెరిగి ఉన్నాయి గానీ ఆకారం తెలుస్తోంది. అన్ని మట్టలూ తూర్పు పడమరలుగా ఉంటే, ఇది మాత్రం ఐమూలగా, ఈశాన్యం నుంచి నైరుతికి వాలి ఉంది.

దిగి వెళ్ళి చూశాను. గుంట లేదు, రాయి లేదు, ముళ్ళు లేవు, పేడ లేదు. పక్కన ఉన్న గడ్డే. తొక్కలేదు, అంతే.

జనం వచ్చాక టేపు పక్కన పెట్టి కూర్చుని గమనించాను. ఆ పక్కకు వచ్చిన ప్రతివాళ్ళూ నీళ్ళ మడుగు పక్కనుంచి తప్పుకున్నట్టు కొంచెం పక్కకు జరిగి పోతున్నారు. చూసి జరగడం లేదు, మాట్లాడుకుంటూనే జరుగుతున్నారు. మార్తమ్మ గారిని ఆపి, "ఇక్కడ పక్కకి ఎందుకు జరిగారండీ?" అని అడిగాను.

"నేనాండీ? తిన్నగానే వచ్చేనే" అన్నారావిడ.

ఇంతవరకూ నాకు ఆశ్చర్యం లేదు, సంతోషమే. మనిషికి గుర్తులేనిది కాళ్ళకు గుర్తుంటుంది. ఏళ్ళ తరబడి ఆ తోటలో తిరిగినవాళ్ళు, అక్కడున్న దిబ్బను తొక్కకూడదని అలవాటు పడి ఉంటారు. నా అంశానికి ఇంతకంటే మంచి రుజువు ఏముంటుంది? కాకపోతే ఊరు పోయాక పెళ్ళయి వచ్చిన కోడళ్ళు కూడా అలాగే తప్పుకుంటున్నారు. ముందువాళ్ళ అడుగుజాడల్లో నడుస్తున్నారులే అని సర్దిచెప్పుకున్నాను.

మర్నాడు ఎవరూ రాకముందే వెళ్ళాను. ఆ పచ్చిక మీదుగా తిన్నగా నడుద్దామని నా ఉద్దేశం. నేను ఆ లంక ఎన్నడూ చూడలేదు. నా కాళ్ళకు గుర్తుండడానికి ఏమీ లేదు. ఎదురుగా బీడు అవతల ఒక కొబ్బరిచెట్టు మొదలును గురిగా పెట్టుకున్నాను. దాని మీంచి చూపు తిప్పకుండా నడిచి, చెట్టు దగ్గరికి వెళ్ళి వెనక్కి తిరిగాను.

గడ్డి మీద మంచు తెల్లగా ఉంది. నా చెప్పుల జాడ నల్లగా స్పష్టంగా కనిపిస్తోంది. మొదట తిన్నగా వచ్చి, పచ్చిక దగ్గర ఎడమకు వంగి, దాని అంచునే తిరిగి, మళ్ళీ తిన్నగా చెట్టు దాకా వచ్చింది.

నాకు భయం వేయలేదు. భయపడాలని తట్టలేదంటే నిజం. వంగినట్టు నాకు తెలియనే లేదు. రెండోసారి నడిచి చూడవలసింది, శాస్త్రం చదువుకున్నదాన్ని. నడవలేదు. కంపాసు తీసి గుంజ నుంచి దిక్కు, దూరం కొలిచి రాసుకున్నాను. చేతులు పని చేసుకుపోయాయి.

సువార్తమ్మ వచ్చాక ఆవిణ్ణి గట్టు మీదికి తీసుకెళ్ళి చూపించాను. ఆశ పెట్టడం నాకు ఇష్టం లేదు. అందుకే ముందే చెప్పాను. "ఇది సమాధి కాకపోవచ్చండి. సమాధులన్నీ తూర్పు పడమరలు కదా, ఇది ఐమూలగా ఉంది. ఇంకేదో కారణం అయ్యుంటుంది" అన్నాను. జాగ్రఫీవాళ్ళ బుద్ధి అది. అన్నీ ఒక వరసలో ఉంటే వరస తప్పినది లెక్కలోంచి పోతుంది.

ఆవిడ చాలాసేపు చూసింది. ఏడవలేదు. "మంచం మీద కూడా ఐమూలగానే పడుకునేదండి అది. పక్కన ఇంకోళ్ళకి చోటుండేది కాదు" అంది. గట్టు దిగి వెళ్ళి, చేతిలో మట్టను ఆ పచ్చిక మీద, అది ఎలా ఉందో అలాగే పరిచింది.

తల్లి మనసు, అలాగే అనుకుంటుందిలే అనుకున్నాను. అయినా ఆ చోటుకు గట్టు మీద ఏది ఎదురవుతుందో, తూము దగ్గర్నుంచి టేపుతో కొలిచి చూపించాను. అడిగింది అదే కాబట్టి.

విశాఖ వెళ్ళాక, పచ్చిక గురించి రాసిన పేరా మా గైడు గారికి చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, "నీ చెప్పుల జాడ కూడా వంగిందా?" అన్నారు. వంగిందండి అన్నాను. "అయితే నువ్వు ముందే చూసున్నావు కాబట్టి తప్పుకున్నావు" అని ఆ పేరా మొత్తం కొట్టేశారు. పటంలో ఆ చోట 'ఖాళీ స్థలం' అని రాయించారు. ఆయన మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. నిజం చెప్పాలంటే హాయిగా అనిపించింది. ఏడాది పాటు ఆ వివరణతోనే బతికాను.

పీజీ అయ్యాక అమలాపురంలో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరాను. రెండు వేల సంవత్సరంలో, ఈస్టరుకు ముందు, డిసర్టేషన్ కాపీ ఒకటి కాలనీ వాళ్ళకు ఇద్దామని వెళ్ళాను. నడిచింది వాళ్ళు, డిగ్రీ వచ్చింది నాకు. ఆ మాత్రం మర్యాద ఉండాలి కదా. వెళ్ళేసరికి జ్ఞానరత్నం సెలవు మీద వచ్చి ఉన్నాడు. మస్కట్ వెళ్ళాక ఊరు రావడం అదే మొదలు.

పటం చూపిస్తే అతను ఆసక్తిగా చూసి, "ఆ బీడులోకి ఓసారి వెళ్దామాండీ" అన్నాడు. సువార్తమ్మ కూడా వస్తానంటే వద్దన్నాను. ఆవిడ ముఖం చూసి అతను ఏదైనా ఊహిస్తాడని నా అనుమానం. పచ్చిక సంగతి అతనికి చెప్పవద్దని మార్తమ్మ గారిని కూడా బతిమాలుకున్నాను. అప్పటికి బీడంతా మళ్ళీ గడ్డి పెరిగి ఒకేలా ఉంది. మట్టలు ఎప్పుడో పొయ్యిలోకి పోయాయి. వెదురు గుంజ ఉన్న చోట మాత్రం ఒక రాయి పాతి ఉంచారు.

అదే చర్చి గుమ్మం అన్నాను. అతను అక్కడ నిలబడి కాసేపు చుట్టూ చూశాడు. తర్వాత చర్చి వెనక్కి తిరిగినట్టు తిరిగి, దక్షిణం పక్కకు నడిచి ఆగిపోయాడు. నేను టేపు పట్టి చూసుకున్నాను. నేను ఏడాది క్రితం కొలిచిన చోటుకూ అతను నిలబడ్డ చోటుకూ చెయ్యి చాపితే అందేంత తేడా ఉంది.

"ఇక్కడేనండి" అన్నాడు. భుజం మీద తువ్వాలు తీసి నేల మీద పరవబోయి, తిన్నగా పరిచి, మళ్ళీ తీసి తిప్పాడు. ఐమూలగా, ఈశాన్యం నుంచి నైరుతికి.

ఎందుకలా పరిచారని అడిగాను. 

అతను వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూసుకున్నాడు. "తవ్వుతుంటే తాడి వేళ్ళు అడ్డమొచ్చేయండి. పెద్ద వాన. పలుగు దిగట్లేదు. అన్నయ్య చూస్తే ఏడుస్తన్నాడు. వేళ్ళు లేనేపుకి గొయ్యి తిప్పేసి, ఐమూలగా దించేసేం. పైన మన్ను మాత్రం తూర్పు పడమర తిన్నగా పోసి, శిలువ తిన్నగా పాతేం. చూసినోళ్ళకి ఏం తెలీదండి" అన్నాడు.

కూడా వెళ్ళిన పెద్దవాళ్ళిద్దరూ వానకు చర్చి వరండాలోనే నిలబడిపోయారట. ఆ వానలో పడవ తీయకపోవడంతో పాస్టరు గారు మర్నాడు వచ్చి ప్రార్థన చేశారు. అప్పటికి పైన అంతా సవ్యంగా ఉంది.

"వదినకి చెప్పకండమ్మా. పిల్లని తిన్నగా పడుకోబెట్టడం కూడా చేతకాలేదా అనుకుంటాది. అన్నయ్యకీ నాకూ తప్ప ఇది ఎవళ్ళకీ తెలీదు" అన్నాడు.

నేను సరేనన్నాను.

ఆ రోజు బస్సులో తిరిగి వస్తూ నా వివరణను మళ్ళీ మొదటి నుంచి పరీక్షించుకున్నాను. కాళ్ళకు గుర్తుంటే దిబ్బ గుర్తుండాలి. దిబ్బ తూర్పు పడమరలుగా ఉంది. జనం తప్పించుకు తిరిగింది దిబ్బ ఆకారాన్ని కాదు, దాని కింద ఎవరూ చూడని ఆకారాన్ని. పోనీ, భర్త ఎప్పుడైనా తాగిన మైకంలో సువార్తమ్మకు ఐమూల సంగతి చెప్పి ఉండవచ్చు. చెప్పినా ఆవిడ నడకకే అది వర్తిస్తుంది. మార్తమ్మ గారికీ కొత్త కోడళ్ళకూ ఎలా తెలుస్తుంది? నా చెప్పులకు ఎలా తెలుస్తుంది? ఇంకొకటి కూడా ఉంది. ఎస్తేరు సమాధి నిజంగా ఉన్నది నది అడుగున. ఈ బీడులో కాదు. ఇక్కడ ఏ రోజూ ఎవరినీ పాతిపెట్టలేదు. అదొక ఖాళీ పచ్చిక, మేము ఊరనుకుని నడిచిన చోటు, అంతే. ఆ మాట తోచినప్పుడు మాత్రం, ఏడాది ఆలస్యంగా, నాకు వణుకు పుట్టింది.

ఆ ఈస్టరుకు కాలనీకి వెళ్ళాను. ముందు రాత్రి మార్తమ్మ గారింట్లో పడుకుని, తెల్లవారుతుండగా అందరితో గట్టెక్కాను. మా పిన్నికి కాలేజీ పనని చెప్పాను.

వాళ్ళ ఈస్టరు చూడడానికి వింతగా ఉంటుంది. అందరూ పొద్దుపొడుపు కోసం తూర్పుకు తిరిగే రోజున వీళ్ళు తూర్పుకు వీపు పెట్టి, పడమరనున్న నదికేసి చూస్తూ నిలబడతారు. గాలికి కొవ్వొత్తులు ఆరకుండా చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఏ కుటుంబం చోట ఆ కుటుంబం ఉంది. ఎవరూ ఎవరికీ చూపించనక్కర్లేదు.

సువార్తమ్మ నేను కొలిచి ఇచ్చిన చోట నిలబడి ఉంది. అటూ ఇటూ నడవడం లేదు. కిందటేడు నుంచీ అక్కడే నిలబడుతోందని మార్తమ్మ గారు చెప్పారు. అయితే వరసలో అందరూ తిన్నగా పడమరకు తిరిగి ఉంటే, ఆవిడ మాత్రం కొంచెం నైరుతికి తిరిగి ఉంది. భుజం పక్కవాళ్ళ భుజంతో కలవడం లేదు. పాస్టరు గారు కిందటేడు ఒకసారి వరసలోకి తిరగమని చెప్పి చూసి ఊరుకున్నారట.

జ్ఞానరత్నం కాస్త ఆలస్యంగా వచ్చాడు. అన్న చనిపోయాక ఊళ్ళో అతనికి అదే మొదటి ఈస్టరు. వదిన పక్కన చేరి, తన కొవ్వొత్తిని ఆవిడ కొవ్వొత్తితో వెలిగించుకుని, అందరిలాగే నదికి ఎదురుగా నిలబడ్డాడు. తర్వాత ఆవిడ నిలబడ్డ తీరు చూశాడు. నేను అతని ముఖమే చూస్తున్నాను. అతను నా వైపు ఒకసారి చూశాడు. చెప్పలేదన్నట్టు నేను తల అడ్డంగా ఊపాను. అతను తల దించుకుని, నెమ్మదిగా పాదాలు రెండూ జరిపి, ఆవిడ ఎటు తిరిగి ఉందో అటే తిరిగాడు.

ఆవిడ చూపు నీళ్ళ మీంచి తీయకుండానే, "ఆయ్, అటేనయ్యా" అంది.

ఆవిడ అంతా తెలిసే అన్నదో, కొవ్వొత్తి గాలికి ఆరకుండా అటు తిరగమని అన్నదో నేను అడగలేదు. జ్ఞానరత్నం అడిగాడో లేదో తెలియదు. ఆ తర్వాత ఇరవై మూడేళ్ళు పిల్లలకు జాగ్రఫీ చెప్పాను. నా డిసర్టేషన్‌లో ఆ చోట ఇప్పటికీ 'ఖాళీ స్థలం' అనే ఉంది. అక్కడ ఇంకేం రాయాలో తెలిస్తే దిద్దేదాన్ని.